తూకం రాయి ఎవరి చేతిలో? ఆస్ట్రేలియా అబోరిజినల్ మహిళల ఆరోగ్య కార్యక్రమాలు

పదిహేనేళ్ళ కిందటి మాట. దక్షిణ ఆస్ట్రేలియా రాజధాని అడిలైడ్‌లో యూనివర్సిటీ ఆఫ్ సౌత్ ఆస్ట్రేలియా పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. 18 నుంచి 64 ఏళ్ళ మధ్య వయసున్న 100 మంది ఆస్ట్రేలియా మూలవాసి మహిళలను, అంటే అబోరిజినల్, టోరెస్ జలసంధి దీవుల మహిళలను తీసుకున్నారు. అందరికీ నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు దాటింది. కొందరికి వెంటనే, మిగతావాళ్ళకు కొన్నాళ్ళు ఆగి, 12 వారాల శిక్షణ ఇచ్చారు. వారానికి రెండు వ్యాయామ తరగతులు, ఒక్కోటి గంటసేపు. తిండి గురించి మొత్తం మీద నాలుగు తరగతులు. ఫలితాలు 2012లో అచ్చయ్యాయి. వెంటనే చేరినవాళ్ళు, ఆగినవాళ్ళతో పోలిస్తే, శిక్షణ ముగిసేసరికి సగటున ఒకటిన్నర కిలోలకు కాస్త పైన, ఆ తర్వాత మూడు నెలలకు రెండున్నర కిలోలు తగ్గారు. నడుము కొలతలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

ఇంత హడావిడి చేసి ఇంతేనా అనిపిస్తుంది. "నెలలో పది కిలోలు" అనే జిమ్ బోర్డులు చూసి చూసి మన కళ్ళు అలా తయారయ్యాయి. నన్ను ఆపింది ఆ బృందమే మరుసటి ఏడాది రాసిన ఇంకో వ్యాసం. క్లాసులు ఉచితం, నేర్పేవాళ్ళు ఉన్నారు, అయినా హాజరు ఎందుకు పలచబడిందని అందులో ఆ ఆడవాళ్ళనే అడిగారు. అందరూ ఆడవాళ్ళే, అందరూ తమవాళ్ళే, వింతగా చూసే కళ్ళు లేవు కాబట్టి రాగలిగామన్నది ఒక జవాబు. రాలేకపోవడానికి చెప్పిన కారణాలు మనిళ్ళలో వినపడనివేమీ కావు: పిల్లలు, ఇంటి బాధ్యతలు, ఉద్యోగం, సొంత ఒంట్లో నలత.

ఈ కార్యక్రమాల గురించి రాసేవాళ్ళు సాధారణంగా మొదటి వ్యాసం చదివి ఆగిపోతారు. ఎన్ని కిలోలు తగ్గారు, ఎంత ఖర్చయింది, లాభమా నష్టమా. రెండో వ్యాసం అడిగిన ప్రశ్న వేరు. ఆ తరగతి తలుపు దాకా ఒక మనిషి రావాలంటే ఎన్ని దాటుకుని రావాలి? ఆ తలుపు తీసి పెట్టింది ఎవరు? విషయం చిక్కుపడింది ఇక్కడే.

ఎవరి గురించి మాట్లాడుకుంటున్నాం

ఆస్ట్రేలియా మూలవాసులు అనగానే ఎర్రమట్టి ఎడారి, ఒంటికి తెల్లరంగు, చేతిలో బూమరాంగ్. మన పాఠ్యపుస్తకాలూ పర్యాటక పోస్టర్లూ కలిసి గీసిన బొమ్మ అది. నిజానికి వాళ్ళలో ఎక్కువమంది ఉంటున్నది సిడ్నీ, బ్రిస్బేన్ లాంటి నగరాల్లో, చిన్నా పెద్దా పట్టణాల్లో. 2021 జనగణనలో తాము అబోరిజినల్ లేదా టోరెస్ జలసంధి దీవులవాళ్ళమని రాయించుకున్నవాళ్ళు 8,12,728 మంది, అంటే దేశ జనాభాలో 3.2 శాతం. తెల్లవాళ్ళు ఓడ దిగేనాటికి ఆ ఖండంలో 250కి పైగా భాషలుండేవి. ఆఫీసులో ఉద్యోగం చేసుకునే సిడ్నీ అమ్మాయి, ఆలిస్ స్ప్రింగ్స్ శివార్లలో ఆరుగురు మనవళ్ళను సాకే అమ్మమ్మ, ఇద్దరూ "అబోరిజినల్ మహిళ" అన్న మాట కిందికే వస్తారు. వాళ్ళిద్దరికీ ఒకే పథకం అతకదు.

అతకని చోట కూడా ఒక లెక్క మాత్రం ఇద్దరినీ కలుపుతుంది. ఆస్ట్రేలియా గణాంక సంస్థ 2020–22 అంచనా ప్రకారం మూలవాసి మహిళల సగటు ఆయుర్దాయం 75.6 ఏళ్ళు. మిగతా ఆస్ట్రేలియా ఆడవాళ్ళతో పోలిస్తే 8.1 ఏళ్ళు తక్కువ. మగవాళ్ళకు 71.9, తేడా 8.8. గుండెజబ్బు, షుగరు, కిడ్నీ జబ్బు, క్యాన్సర్ లాంటి దీర్ఘరోగాలకు ఈ ఎనిమిదేళ్ళలో పెద్ద వాటా ఉంది. మధ్య ఆస్ట్రేలియాలోని మారుమూల అబోరిజినల్ ఊళ్ళలో పెద్దవాళ్ళలో 40 శాతం మందికి షుగరు ఉందని 2022లో అచ్చయిన ఒక అధ్యయనం తేల్చింది. పదిమంది కూర్చున్న చాప మీద నలుగురికి.

"వాళ్ళ ఒంటి తత్వమే అంత" అనేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఆ మాటకు 1982లోనే ఒక గట్టి జవాబు వచ్చింది. పశ్చిమ ఆస్ట్రేలియా ఉత్తర కొసన కింబర్లీ ప్రాంతం, డెర్బీ పట్టణం దగ్గరి సమూహం. షుగరు ఉన్న 10 మంది ఏడు వారాలపాటు తమ సొంత నేలకు వెళ్ళి పాత పద్ధతిలో బతికారు. వాళ్ళతో కెరిన్ ఓ'డే అనే పోషకాహార శాస్త్రవేత్త ఉన్నారు. కంగారూ మాంసం, చేపలు, దుంపలు, తేనె తిన్నారు. తిండి ఎక్కడుంటే అక్కడికి నడక. తిరిగొచ్చేసరికి సగటున 8 కిలోలు తగ్గారు, రక్తంలో చక్కెర బాగా దిగింది.

ఈ ప్రయోగాన్ని "అడవి తిండికి వెళ్ళిపోతే చాలు" అని చదువుకునేవాళ్ళున్నారు. పిల్లల బడి, ఆస్పత్రి, జీతం వదిలేసి ఏ తల్లి ఏడాది పొడుగునా అలా వెళ్ళగలదు? అందులో నాకు కనపడేది వేరు. ఒళ్ళు మారడానికి ఏడు వారాలు చాలింది. దాన్ని బట్టి రోగం ఒంట్లో పుట్టింది కాదు, బతుకు మారాక వచ్చిందని తెలుస్తుంది. ఇంకో సంగతి, ఆ ఏడు వారాల్లో ఎవరూ "వ్యాయామం" అనే పనేమీ చేయలేదు.

పిండి, పంచదార, టీ పొడి

మరి ఆ నడక ఎక్కడ ఆగిపోయింది? గొర్రెలకూ పశువులకూ మేతబీళ్ళు కావాలని నేలను పట్టుకుపోయినచోట ఆగిపోయింది. మనుషుల్ని చర్చిలు నడిపే మిషన్లలోకీ, ప్రభుత్వం గీసిచ్చిన రిజర్వుల్లోకీ తోలారు. పనికి కూలీగా, పని లేనప్పుడు దయగా, చాలాచోట్ల చేతిలో పెట్టింది రేషన్: మైదాపిండి, పంచదార, టీ పొడి. ఎడారి ప్రాంతాల్లో ఇంటిల్లిపాదికీ రోజువారీ తిండిలో పెద్ద వాటా తెచ్చింది ఆడవాళ్ళు. తవ్వే కర్ర పట్టుకుని దుంపలు, గింజలు, చిన్న జంతువులు వెతుక్కుంటూ మైళ్ళకు మైళ్ళు తిరిగేవాళ్ళు. నేల పోయాక మొదట పోయింది ఆ పని. ఆ తర్వాత ఆడపిల్లల్ని "శిక్షణ గృహాల్లో" పెట్టి తెల్లవాళ్ళ ఇళ్ళలో పనిమనుషులుగా పంపారు. వాళ్ళ జీతాలను ప్రభుత్వమే "భద్రపరిచింది", చాలామందికి ఆ డబ్బు తిరిగి రానేలేదు.

ఇదంతా పాత చరిత్ర, జిమ్ముకూ దీనికీ ఏమిటని అడగొచ్చు. సంబంధం భయంలో ఉంది. 1910 నుంచి 1970 దాకా, ప్రాంతాన్ని బట్టి, ప్రతి ముగ్గురిలో ఒకరి నుంచి ప్రతి పదిమందిలో ఒకరి దాకా మూలవాసి పిల్లల్ని బలవంతంగా ఇళ్ళ నుంచి తీసుకుపోయారని 1997లో జాతీయ విచారణ నివేదిక తేల్చింది. కొందరిని ఆస్పత్రి నుంచే, పురిటి మంచం నుంచే తీసుకుపోయారు. 2008 ఫిబ్రవరి 13న ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. ఈరోజుకీ ప్రభుత్వ సంరక్షణలో, సొంత ఇంటికి దూరంగా పెరుగుతున్న పిల్లల్లో 40 శాతానికి పైగా మూలవాసుల పిల్లలే.

ఇప్పుడొక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళిందనుకోండి, అలా పిల్లల్ని పోగొట్టుకున్న ఒక ఇంటి అమ్మాయి. ఫారం చేతిలో పెట్టుకుని ఎవరో అడుగుతారు: ఇంట్లో ఎంతమంది ఉంటారు, పిల్లలు పొద్దున ఏం తిన్నారు, మందు తాగేవాళ్ళున్నారా, రాత్రి నిద్ర పడుతోందా. మనకు అవి మామూలు ప్రశ్నలు. వాళ్ళమ్మమ్మను ఎత్తుకుపోయిన రోజు అడిగినవీ అలాంటివే. జవాబు చెప్పకుండా లేచి వెళ్ళిపోతే రికార్డులో "సహకరించలేదు" అని పడుతుంది.

ఆ భయం పక్కనే ఇంకోటి ఉంది. అబోరిజినల్ ఇంగ్లీషులో "షేమ్" అంటారు. తప్పు చేస్తే కలిగే సిగ్గు కాదది. నలుగురిలో తనొక్కత్తినే వేరుగా నిలబెట్టినప్పుడు, మెచ్చుకోవడానికి నిలబెట్టినా సరే, ఒళ్ళు ముడుచుకుపోయే తీరు. అద్దాలు బిగించిన జిమ్ములో, బిగుతు బట్టల తెల్ల అమ్మాయిల మధ్య ట్రెడ్‌మిల్ ఎక్కడం ఎందుకు కష్టమో ఆ ఒక్క మాటలో ఉంది. పెళ్ళయి పదేళ్ళయ్యాక మొదటిసారి ట్రాక్ ప్యాంటు వేసుకుని కాలనీ పార్కులో నడిచిన మన ఆడవాళ్ళను అడిగినా కొంత చెబుతారు. కొంతే. అక్కడ దానికి చర్మం రంగు కూడా తోడవుతుంది.

రెడ్‌ఫర్న్‌లో ఒక షట్టరు

1971లో సిడ్నీ రెడ్‌ఫర్న్ పేటలో, రోడ్డు మీది ఒక దుకాణం గదిలో, అబోరిజినల్ మెడికల్ సర్వీస్ మొదలైంది. స్వచ్ఛందంగా వచ్చిన డాక్టర్లు చూసేవాళ్ళు, నిర్ణయాలు మాత్రం అబోరిజినల్ జనానివి. దేశంలో అలాంటిది అదే మొదటిది. దాన్ని దశాబ్దాలపాటు నడిపిన నయోమీ మేయర్స్ నర్సు, ఒకప్పుడు పాటలు పాడిన గాయని కూడా. 1973లో మెల్‌బోర్న్ ఫిట్జ్‌రాయ్‌లో ఒకటి, అదే ఏడాది ఆలిస్ స్ప్రింగ్స్‌లో కాంగ్రెస్ పేరుతో ఇంకొకటి వచ్చాయి. ఇప్పుడు ఇలాంటివి 140కి పైగా ఉన్నాయి. అన్నింటికీ కలిపి నాచో అనే జాతీయ సంఘం ఉంది. "సముదాయ నియంత్రణ" అన్న పొడిపొడి మాటకు అర్థం ఇదే. పాలకమండలిని అక్కడి జనమే ఎన్నుకుంటారు, డాక్టరు ఆ మండలి కింద పనిచేసే ఉద్యోగి.

ఆరోగ్యం అంటే ఏమిటో కూడా వీళ్ళే రాసుకున్నారు. 1989 నాటి జాతీయ అబోరిజినల్ ఆరోగ్య వ్యూహంలో దాని సారాంశం ఉంది. ఒక మనిషి ఒళ్ళు బాగుండటం ఒక్కటే సరిపోదు, మొత్తం సముదాయం సామాజికంగా, మానసికంగా, సాంస్కృతికంగా బాగుండాలి. చదవగానే గాలిమాటల్లా ఉంటాయి. ఆచరణలో దీని బరువు తెలుస్తుంది. ఊళ్ళో ఒకరు పోతే "సారీ బిజినెస్" మొదలవుతుంది, రోజుల తరబడి, ఒక్కోసారి వారాల తరబడి. బంధువులంతా కదులుతారు, మిగతా పనులన్నీ ఆగుతాయి. 12 వారాల వ్యాయామ ప్రణాళికకు ఆ ఆగిన రోజులు "గైర్హాజరు". ఆ నిర్వచనం ప్రకారం చూస్తే, చావింటికి వెళ్ళి పక్కన కూర్చోవడం కూడా ఆరోగ్యమే. సొంతవాళ్ళు నడిపే కేంద్రమైతే తరగతిని వాయిదా వేస్తుంది, వ్యాను పంపి జనాన్ని అంత్యక్రియలకు తీసుకెళ్తుంది. బయటి సంస్థ పట్టికలో సున్నా వేసుకుంటుంది.

ఇక ఆడవాళ్ళకు వేరేగా ఎందుకు? అబోరిజినల్ సముదాయాల్లో "విమెన్స్ బిజినెస్" అని ఒకటుంది. ఆడవాళ్ళ జ్ఞానం, ఆచారం, ఒంటి సంగతులు ఆడవాళ్ళ మధ్యే ఉండాలి. మగవాడి ముందు మాట్లాడకూడనివి, మగవాడు వినకూడనివి ఉంటాయి. ఆలిస్ స్ప్రింగ్స్‌లో 1987లో అమ్మమ్మల మాట మీద మొదలైన ఆలుకురా కేంద్రం ఇలా వచ్చిందే. ఆ పేరుకు అరెర్న్‌టె భాషలో ఆడవాళ్ళ విడిది అని అర్థం. 1993లో నార్తర్న్ టెరిటరీలో మొదలైన మరో కార్యక్రమంలో ఊళ్ళోని పెద్ద ఆడవాళ్ళే గర్భిణుల వెంట ఉండి తిండి, ఆచారం, క్లినిక్ మూడూ చూసుకునేవారు.

ఈ దారిలో నాకు అన్నిటికంటే నచ్చింది ఎన్‌పీవై మహిళా మండలి. పిత్జంత్జత్జర, న్గాన్యత్జర, యాంకునిత్జత్జర అనే మూడు ఎడారి జనాల ఆడవాళ్ళు 1980లో పెట్టుకున్నది. భూమి హక్కుల చర్చల్లో మగవాళ్ళే మాట్లాడుతున్నారు, మా మాట ఎవరూ అడగడం లేదన్న కోపంతో పుట్టింది. మూడు రాష్ట్రాలు కలిసేచోట సుమారు మూడున్నర లక్షల చదరపు కిలోమీటర్లు వాళ్ళ పరిధి. మన తెలుగు రాష్ట్రాలు రెండూ కలిపినా అంత ఉండదు. 1995లో ఆ మండలి చంపీ అనే అల్లిక పని మొదలుపెట్టింది. చంపీ అంటే వాళ్ళ భాషలో ఎండుగడ్డి. గడ్డి కోసుకొచ్చి బుట్టలు, బొమ్మలు అల్లి అమ్ముతారు. గడ్డి ఎక్కడుంటుంది? ఊరికి దూరంగా, తమ సొంత నేల మీద. బండేసుకుని వెళ్తారు, దిగి నడుస్తారు, వంగి కోస్తారు, పనిలో పనిగా దుంపలు తవ్వుతారు, పిల్లలకు ఆ చోటి కథలు చెబుతారు, చేతిలో నాలుగు డబ్బులు పడతాయి. దాన్నెవరూ ఫిట్‌నెస్ ప్రోగ్రాం అనలేదు. "కంట్రీ" మీదికి వెళ్ళడం అంటారు. ఆ మాటలో దేశం అన్న అర్థం లేదు. నేల, నీళ్ళు, పూర్వీకులు, చుట్టరికం కలిపి ఒకే మాట. డెర్బీలో ఏడు వారాల్లో జరిగినదాన్ని వీళ్ళు వారం వారం, ఊరొదిలి పోకుండానే, కొంచెం కొంచెంగా చేసుకుంటున్నారనిపిస్తుంది నాకు.

నౌరా, బ్రిస్బేన్: పట్టణం దారి వేరు

సిడ్నీకి దక్షిణాన దాదాపు 160 కిలోమీటర్ల దూరంలో నౌరా అనే పట్టణం ఉంది. 1984లో అక్కడ మొదలైన వమిండా అనే అబోరిజినల్ మహిళల సంస్థ ఒక ఆరోగ్య కార్యక్రమం నడిపింది. పేరు "డెడ్ ఆర్ డెడ్లీ". అబోరిజినల్ ఇంగ్లీషులో "డెడ్లీ" అంటే అదిరిపోయేంత బాగుందని. చచ్చిపోదామా, అదరగొడదామా అన్నమాట. ఏ సర్కారీ కమిటీ అయినా ఆ పేరును ఒప్పుకునేదా? నాకు నమ్మకం లేదు. సొంతవాళ్ళే పెట్టుకున్నారు కాబట్టి అందులో ఆ చీకటి హాస్యం ఇమిడింది.

అందులో వ్యాయామం ఒక పోగు మాత్రమే. వచ్చిన ప్రతి మనిషికీ వెంట ఒక కార్యకర్త ఉంటుంది, ఆమె కూడా సాధారణంగా అక్కడి అమ్మాయే. సిగరెట్టు మానడం, వంట, ఆరోగ్య పరీక్షలు, కొండబాటల్లో నడక, శిబిరాలు, ఇల్లు దొరక్కపోతే ఇంటి గొడవ, భర్త కొడుతుంటే ఆ గొడవ, అన్నీ ఒకే గుమ్మంలో. బరువు దించుకుందామని వచ్చిన మనిషికి అసలు బరువు ఇంటి అద్దె అయినప్పుడు ముందు దాన్ని దించాలి కదా. అదే సంస్థ తర్వాత పురుళ్ళ సంరక్షణలోకీ దిగింది.

బ్రిస్బేన్ చుట్టుపక్కల 2009లో ఏర్పడిన అర్బన్ ఇండిజినస్ హెల్త్ సంస్థ ఇంకో ఎత్తు వేసింది. దాని ప్రచారం పేరు "డెడ్లీ చాయిసెస్". ఆస్ట్రేలియా ప్రభుత్వ వైద్య బీమా మెడికేర్‌లో 715 అనే సంఖ్యతో ఒక పద్దు ఉంది. మూలవాసులకు ఏడాదికోసారి తల నుంచి పాదం దాకా ఉచిత పరీక్ష. పథకం ఉంది, వాడుకునేవాళ్ళు తక్కువ. డెడ్లీ చాయిసెస్ వాళ్ళు పరీక్ష చేయించుకున్నవాళ్ళకు టీషర్టు ఇవ్వడం మొదలుపెట్టారు. రగ్బీ జట్ల రంగుల్లో, అబోరిజినల్ చిత్రకళతో, అందంగా. దుకాణంలో దొరకదు, డబ్బిచ్చి కొనలేరు. వేసుకుని వీధిలో నడిస్తే ఈమె పరీక్ష చేయించుకుందని అందరికీ తెలుస్తుంది. ఒక్కత్తినే నిలబెడితే షేమ్. వీధి వీధంతా అదే చొక్కా వేసుకుంటే, వేసుకోనిదానికే వెలితి.

ఈ 715 పరీక్షకూ మనకూ ఒక చిన్న బంధం ఉంది. విదేశాల్లో చదివి ఆస్ట్రేలియా వెళ్ళిన డాక్టర్లు మెడికేర్ కింద రోగుల్ని చూడాలంటే సాధారణంగా పదేళ్ళు వైద్యుల కొరత ఉన్న ప్రాంతాల్లో పనిచేయాలి. అలా మారుమూల పట్టణాలకు వెళ్ళినవాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు. పైన చెప్పిన ఫారం పట్టుకుని ప్రశ్నలడిగే చెయ్యి ఒక్కోసారి మనవాళ్ళదే. "మందులు సరిగ్గా వేసుకోరు, రమ్మంటే రారు" అన్న మాట మన ఏజెన్సీ ప్రాంతాల్లో గిరిజనుల గురించి విన్న చెవులతోనే అక్కడికి వెళ్తాం. దాన్ని సామానుతో పాటు మోసుకెళ్ళకుండా ఉండటం కష్టమే.

న్యూ సౌత్ వేల్స్‌లో 2012లో మొదలైన నాకౌట్ హెల్త్ ఛాలెంజ్ అయితే పోటీ. ఊరికో జట్టు, జట్టంతా కలిసి బరువు తగ్గాలి. గెలిచిన సొమ్ము ఎవరి జేబులోకీ వెళ్ళదు, ఆ ఊరి ఆరోగ్యం పనులకే ఖర్చు పెట్టాలి. పేరు కూరీ నాకౌట్ నుంచి వచ్చింది. అది 1971లో మొదలైన అబోరిజినల్ రగ్బీ జాతర. మైదానంలో పేరు మగవాళ్ళది, ఈ బరువు పోటీలో మాత్రం ఆడవాళ్ళే ఎక్కువ. పోటీ అన్నాక తూకం రాక తప్పదు. జట్టు తూకం కాబట్టి ఎవరి అంకె ఎంతో బయట పడదు, ఆ మేరకు నయం.

పతకం తెచ్చినవాళ్ళు

ఈ అంశం మీద ఏ సభ పెట్టినా క్యాథీ ఫ్రీమన్ ఫొటో ఉంటుంది. 2000 సెప్టెంబర్ 25న సిడ్నీ ఒలింపిక్స్‌లో 400 మీటర్లు 49.11 సెకన్లలో పరిగెత్తి బంగారు పతకం తెచ్చింది. ఆమెకంటే ముందు ఇవాన్ గూలగాంగ్, 1971లో వింబుల్డన్, తల్లయ్యాక 1980లో మళ్ళీ వింబుల్డన్. ఆమె తర్వాత యాష్ బార్టీ, గూలగాంగ్ మొదటి గెలుపుకు సరిగ్గా యాభై ఏళ్ళకు, 2021లో. గొప్పవాళ్ళే, అనుమానం లేదు. మధ్య వయసులో షుగరుతో, మోకాళ్ళ నొప్పితో ఉన్న మనిషికి ఆ ఫొటో ఎంత పనిచేస్తుందన్నదే నా సందేహం. ఆమెకు కావలసింది తన వీధిలో, తనంత లావున్న మనిషి, తనకంటే రెండు నెలల ముందు నడక మొదలుపెట్టిన మనిషి.

ఆ మాట పట్టుకున్నది ఇండిజినస్ మారథాన్ ఫౌండేషన్. 1983లో ప్రపంచ మారథాన్ ఛాంపియన్ అయిన రాబర్ట్ డి కాస్టెల్లా పెట్టిన సంస్థ. 2010లో నలుగురు అబోరిజినల్ మగవాళ్ళతో న్యూయార్క్ మారథాన్ పరిగెత్తించాడు. మరుసటి ఏడాది నుంచి ఆడవాళ్ళూ చేరారు. పరుగు అసలు అలవాటే లేనివాళ్ళను కూడా తీసుకుని నెలల తరబడి తయారుచేస్తారు. దాంతోపాటు ఆరోగ్యం, ఫిట్‌నెస్ మీద ఒక కోర్సు పూర్తి చేయాలి, ఊరికి తిరిగివెళ్ళి నడక, పరుగు బృందాలు పెట్టాలి. మారథాన్ ఇక్కడ ఎర, అసలు పని ఊళ్ళో పొద్దున్నే జరిగే నడక.

ఆ నడక కూడా అంత తేలిక కాదు. మారుమూల ఊళ్ళలో వీధికుక్కల గుంపులు, 40 డిగ్రీల ఎండ, వీధిదీపాలు లేని రోడ్లు. దుకాణం ఒక్కటే, కూరగాయలు వందల కిలోమీటర్లు లారీలో వస్తాయి, ధర నగరానికంటే బాగా ఎక్కువ, వాడిపోయి ఉంటాయి. పంచదార వాడిపోదు. తిండి తరగతిలో పళ్ళెం బొమ్మ చూపించి సగం కూరగాయలతో నింపమంటే ఎదురుగా కూర్చున్నవాళ్ళు నవ్వుకుంటారు, మర్యాదకు బయటపడకుండా.

ఏ రాయితో తూస్తున్నారు

2012–15 మధ్య మూలవాసుల కోసం నడిచిన వ్యాయామ, క్రీడా కార్యక్రమాలు లెక్కపెడితే దేశం మొత్తం మీద 110 తేలాయి. తక్కువేం కాదు. చిక్కు వాటి ఆయుష్షుతో. నిధులు ఏడాదికో, రెండేళ్ళకో వస్తాయి. మొదటి ఆర్నెల్లు మనుషుల నమ్మకం కూడగట్టుకోవడానికి, చివరి ఆర్నెల్లు కొత్త దరఖాస్తుకు సరిపోతాయి. "పైలట్" అన్న మాట వింటే అక్కడి పెద్దమ్మలు విసుక్కుంటారు. వాళ్ళు చూసిన పైలట్లు అన్నీ ఇన్నీ కావు, దిగిన విమానమే లేదు.

డబ్బిచ్చేవాళ్ళకు లెక్క కావాలి. లెక్క అడగడం తప్పు కాదు, అది జనం పన్ను డబ్బు. అయితే మూడు నెలల్లో కొలవగలిగింది బరువు ఒక్కటే కాబట్టి బరువే లక్ష్యమైపోతుంది. ఒకామె కిలో తగ్గకపోయినా పదేళ్ళ తర్వాత మొదటిసారి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష చేయించుకుంది, చెల్లెలిని వెంటబెట్టుకొచ్చింది, సిగరెట్లు సగానికి తగ్గించింది అనుకుందాం. తూకం యంత్రం మీద ఆమె విఫలం.

ఓపిగ్గా, సొంతవాళ్ళ చేతిలో పెట్టి, సరైనచోట కొలిస్తే లెక్కలు కూడా మాట్లాడతాయి. బ్రిస్బేన్‌లో 2013 నుంచి రెండు అబోరిజినల్ సంస్థలు ఒక పెద్ద ప్రసూతి ఆస్పత్రితో కలిసి నడిపిన పురుళ్ళ కార్యక్రమం ఉంది. గర్భిణికి మొదటినుంచీ ఒకే మంత్రసాని, రాత్రయినా ఫోనెత్తుతుంది. రానూపోనూ బండి, ఇంటి సమస్యలకు తోడుగా అబోరిజినల్ కార్యకర్త. అందులో చేరిన తల్లులకు నెలలు నిండని కాన్పులు వచ్చే అవకాశం 38 శాతం తక్కువగా ఉందని 2021లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చింది. అడిలైడ్ ప్రయోగానికీ దీనికీ తేడా ఎక్కడుందంటే, అక్కడ తరగతి మనిషి కోసం ఎదురుచూసింది, ఇక్కడ బండి గుమ్మం ముందుకు వచ్చింది. అడిలైడ్ పరిశోధకులకు ఆ సంగతి తెలియక కాదు. వాళ్ళు రెండో వ్యాసం రాసిందే అందుకు.

ప్రభుత్వమూ కాగితం మీద ఒప్పుకుంది. 2020 జులైలో మూలవాసుల సంఘాల కూటమితో కలిసి సంతకం చేసిన జాతీయ ఒప్పందంలో, ఇలాంటి సేవలు సముదాయాల సొంత సంస్థల చేతికి మారాలన్నది ముఖ్యమైన మార్పుల్లో ఒకటి. ఆయుర్దాయంలో తేడా 2031 నాటికి చెరిగిపోవాలన్నది లక్ష్యం. 2023 అక్టోబర్ 14న మూలవాసులకు పార్లమెంటు దగ్గర సలహా మండలి ఉండాలా అన్న ప్రజాభిప్రాయ సేకరణలో సుమారు 60 శాతం మంది వద్దన్నారు. 2024 ఫిబ్రవరిలో ప్రభుత్వ ప్రొడక్టివిటీ కమిషన్ ఒప్పందాన్ని సమీక్షించి, ప్రభుత్వాలు చాలావరకు పాత పద్ధతిలోనే నడుస్తున్నాయని తేల్చింది.

ఫెయిత్ థామస్ గురించి చెప్పి ముగిస్తాను. ఫ్లిండర్స్ కొండల అడ్న్యమథన్హ జనం మనిషి. పసిబిడ్డగా కోల్‌బ్రూక్ అనే మిషన్ అనాథగృహంలో పెరిగింది. అడిలైడ్‌లో నర్సింగ్ చదివిన మొదటితరం అబోరిజినల్ నర్సుల్లో ఒకరు. చిన్నప్పుడు గలా పిట్టలను రాళ్ళతో గురిచూసి కొట్టిన చెయ్యి, 1958లో మెల్‌బోర్న్‌లో ఇంగ్లండు మీద ఆస్ట్రేలియా టెస్టు జట్టుకు ఫాస్ట్ బౌలింగ్ చేసింది. దేశం తరఫున క్రికెట్ ఆడిన మొదటి అబోరిజినల్ మహిళ. తర్వాత విదేశీ పర్యటనలకు పిలుపొచ్చింది. నర్సు పని ఉంది, రానంది. ఆ ఒక్క టెస్టు తప్ప మళ్ళీ ఆడలేదు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి దక్షిణ ఆస్ట్రేలియా లోపలి ఊళ్ళలో తనవాళ్ళకు నర్సుగా పనిచేసింది.